కోటగడప రెండో ముద్రణ

రాజపాళయం
జూలై 20, 2025

పంకజం అత్తకు నమస్కారం.

ఇక్కడ అందరం ఉన్నాము. అమ్మ దగ్గు అలాగే ఉంది. నీ పేరెత్తితే నాన్న ఇంకా ముఖం తిప్పుకుంటున్నాడు. అందుకే ఈ ఉత్తరం కూడా పోస్టాఫీసు అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. ఫోనయితే మాట్లాడేది నేను, వినేది ఇల్లంతా.

నాకు ఉద్యోగం వచ్చింది అత్తా. పుస్తకాలు వేసే కంపెనీలో. పేరు సంజీవి ప్రచురణలు. తెన్‌కాశి రోడ్డులో క్యాలెండర్ల గోడౌను మీద రెండు గదులు. యజమాని శ్రీరంగన్ గారిని ఊరంతా అన్న వరసలో అణ్ణాచి అంటుంది, నేనూ అదే అంటున్నాను. ఇన్నేళ్ళూ శివకాశి క్యాలెండర్లకు ఏజెంటుగా తిరిగిన మనిషి, ఇప్పుడు తెలుగు నవలలు వేస్తాడట. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివే ఊరు మనది. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. అణ్ణాచికీ రాదు. ఇంటర్వ్యూలో ఒక ఆవకాయ సీసా నా ముందు పెట్టి, "దీని మీద ఏమి రాసి ఉండాదో చదువు పాపా" అన్నాడు. నూనె, ఉప్పు, ఆవపిండి అని చదువుతుండగానే, "చాలు. నువ్వే మా ఎడిటరు" అన్నాడు. నువ్వు ఉత్తరాల్లో దిద్దించిన అక్షరాలే నాకు ఈ పని ఇప్పించాయి.

పని పద్ధతి చెబుతాను. ఏటా తమిళ ఆడి నెల పద్దెనిమిదో రోజున శివకాశిలో వచ్చే ఏడాది క్యాలెండర్ల ఆల్బం వస్తుంది. అందులో ఉండేవి పటాలే. ఏజెంట్లు దాన్ని పట్టుకుని అంగడి అంగడికీ తిరిగి ఆర్డర్లు తెస్తారు, తర్వాతే అచ్చు. అణ్ణాచి నవలలకు కూడా అలాంటి ఆల్బమే చేయించాడు. ఈ సీజన్‌కు నాలుగు నవలలు, నాలుగు అట్టలు.

"లోపలివి ఎక్కడున్నాయి అణ్ణాచి?" అని అడిగాను.

"రాసేవాళ్ళు రాస్తా ఉంటారు. నువ్వు అట్ట వెనక నాలుగు మాటలు రాయి."

"కథ తెలియకుండా ఎట్లా రాయను?"

"క్యాలెండరు కింద శుభం అని వేసేవాడు ఏడాదంతా చూసి వేసినాడా?"

రచయితలు మద్రాసులో ఉన్నారనీ, పూర్తి కాగానే పంపుతారనీ చెప్పాడు. అట్టలు చూసి నాకు తోచినట్టు రాశాను. 'కోటగడప' అట్ట మీద పెద్ద గుమ్మం, పట్టుచీరలో ఒక ఆమె, వెనక ఏనుగు. రచయిత్రి రాజశ్రీ అట. మిగతా రెండింటిలో ఒకటి ప్రేమకథ, ఒకటి డిటెక్టివు.

ఇక అసలు సంగతి. నాలుగోది నాది. కాలేజీలో ఉండగా రాసిన 'దూది పొగ'. అమ్మ పనిచేసే బ్యాండేజి గుడ్డ షెడ్డు కథ అని నీకు చెప్పాను కదా. కాగితాలు ఇస్తే అణ్ణాచి తెరవలేదు. చేతిలో పెట్టుకుని తూచి, "బరువు సరిగా ఉండాది" అన్నాడు. ఒక పటం మిగిలి ఉంటే దానికి అంటించాడు, కొండ, చందమామ. ఏదైతేనేం, పుస్తకం వస్తుంది. దాని మీద నా పేరుంటుంది. మన ఇంట్లో ఎవరి పేరూ రేషను కార్డులో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు.

ఆల్బం ఒకటి దీనితో పంపుతున్నాను.

నీ అభినయ


తిరుపతి
ఆగస్టు 1, 2025

అభినయకు అత్త ఆశీస్సులు.

ఉత్తరమూ ఆల్బమూ అందాయి. బడి మొహం చూడని వంశంలో ఎడిటరు పుట్టిందని నా మెస్సులో భోజనానికి వచ్చిన పిల్లలందరికీ ఒక గరిటె పాయసం ఎక్కువ వేశాను. దేనికని ఎవరూ అడగలేదు. పాయసం వేస్తే అడగరు.

మధ్యాహ్నం పంక్తులు లేచాక నీ ఆల్బం చదివి వినిపించాను. 'కోటగడప' మీద పెద్ద గొడవే జరిగింది. "కోడలు గడప దాటుతుందా, ఏనుగు గొలుసు తెంచుతుందా" అని రాశావే, ఆ విధవ కోడలు మావటివాణ్ణి పెళ్ళి చేసుకుంటుందా లేదా? నేను చేసుకుంటుందన్నాను. ఇంజినీరింగు పిల్లలు కోట పరువు అన్నారు. పరువున్నవాడు ఏనుగును కాపలా పెట్టుకుంటాడా అని అడిగాను. మా వీధిలో పుస్తకాలు అద్దెకిచ్చే ఆయన ముందుగానే రెండు కాపీలు రాసుకున్నాడు. నువ్వు అట్ట చూసి రాశానన్నా, అసలు కథ రాజశ్రీ గారి దగ్గర ఉంటుంది కదా. అడిగి కనుక్కుని జవాబు రాయి.

నీ పుస్తకం గురించి అట్ట చూసి చెప్పలేను. ఆ షెడ్డు ఎదుట కొండ నాకు గుర్తుంది కానీ, లోపల ఉన్నవాళ్ళకు అది ఎప్పుడు కనపడింది? అట్ట వెనక మాత్రం ఒక మాట చదివి ఆగిపోయాను. "ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఊరు దాటిన ఆడమనిషి." ఇది నేనేనా? ఆ షెడ్డులో పని వదిలి పోయినదాన్ని నేనొక్కదాన్నే. నా సంగతి రాస్తే అచ్చుకు ముందు నాకు చూపించాలి. మీ నాన్న చెప్పిన కథ రాశావేమోనని నా భయం.

అమ్మకు మిరియాల కషాయం ఇవ్వు.

పంకజం


రాజపాళయం
ఆగస్టు 12, 2025

అత్తా,

నువ్వు అనవసరంగా దిగులు పడుతున్నావు. ఆ పుస్తకం నీ గురించి కాదు. నీ గురించి నవల రాయడానికి ఏముంది చెప్పు, నువ్వు బస్సెక్కి వెళ్ళిపోయావు, అంతే కదా. అది అమ్మ కథ. గాలికి గుడ్డ ఎగురుతుందని షెడ్డు కిటికీకి మేకులు కొట్టించారు చూడు, ఆ మేకులు కొట్టిన రోజుతో మొదలవుతుంది.

ఆడి పద్దెనిమిదిన ఆల్బం విడుదలయింది. అణ్ణాచి క్యాలెండరు పద్ధతిలోనే కొబ్బరికాయ కొట్టి, ఆల్బం చంకన పెట్టుకుని బయలుదేరాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు, ఎవరైనా లోపలి అక్షరాలు చదవమంటారేమోనని. ఒక్కరూ అడగలేదు.

మొదట విజయరాఘవ రాజా గారి ఇల్లు. అమ్మ పనిచేసే షెడ్డు యజమానే. వాళ్ళ అమ్మాయి కృతిక పెళ్ళి ఉంది. 'కోటగడప' పటం చూడగానే ఆయన అద్దాలు సర్దుకున్నాడు.

"ఇది ఏ కోట కథ అణ్ణాచి?"

"మీ కోటదే రాజా."

"ఆమా, అవును, ఏనుగు ఉండాదే. మా ముత్తాత దగ్గర ఏనుగు ఉండె. కింద మా కంపెనీ పేరు వేసి ఇస్తారా?"

"వేసి ఇస్తాము. పెండ్లికూతురు, పెండ్లికొడుకు పేర్లు వెనకట్టలో. తాంబూలం సంచిలో టెంకాయ పక్కన పెడితే అందంగా ఉంటాది."

"రాహుకాలం ఉంటాదా?"

"అది నవల రాజా" అని నేను అన్నాను.

"ఉంటే ఏమి? ఒక పేజీ. జనాలకు ఉపయోగం గదా."

"వేస్తాము" అన్నాడు అణ్ణాచి.

అక్కడి నుంచి ఒక్కో వంశపు చావడికీ వెళ్ళాము. అన్ని చోట్లా అదే ప్రశ్న, అదే జవాబు. మీ కోటదే. అందరూ 'కోటగడప'కే ఆర్డరు ఇచ్చారు. ప్రేమకథకు ఒక సెల్‌ఫోన్ అంగడాయన మొగ్గాడు. 'దూది పొగ' అడిగినవాళ్ళు లేరు. కొండా చంద్రుడూ చూసి సాంబ్రాణి కంపెనీ పటంలా ఉందన్నారు.

రాజశ్రీ గారి విలాసం అడిగాను. అణ్ణాచి ఇస్తానన్నాడు. మావటివాడి సంగతి తప్పకుండా కనుక్కుంటాను.

అభినయ


తిరుపతి
ఆగస్టు 24, 2025

చిరంజీవి అభినయకు,

నా గురించి రాయడానికి ఏముంది అని అడిగావు. ఆలోచించాను. ఏమీ లేదు. బస్సెక్కాను, అంతే. బస్సు దిగాక ఏమి జరిగిందో తెలియాలంటే నన్ను అడగాలి. అడక్కుండా ఏమీ లేదని తేల్చడానికి ఎడిటరు చదువు కావాలి కాబోలు.

నేను ఆ మాట మనసులో పెట్టుకోలేదు. ఊరికే రాశాను.

ఈ వారం గ్యాసు స్టవ్వు ఒకటి పాడయి, ఒక్క పొయ్యి మీదే అన్నమూ సాంబారూ లాగిస్తున్నాను. కాబట్టి సూటిగా అడుగుతాను. 'కోటగడప' మొదటి అధ్యాయం పంపు. అద్దె పుస్తకాలాయన రోజూ వచ్చి ఇడ్లీ తిని "అమ్మా, ఏనుగు వచ్చిందా" అని పోతున్నాడు. ఇంకొకటి. ఆ నాలుగు మాటలూ మళ్ళీ చదివాను. "గడప దాటడం" అనేది నువ్వు చిన్నప్పుడు నాకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. అట్ట చూసి రాసింది నువ్వయితే, రాజశ్రీ గారి కథలో కూడా అదే ఉందా?

నీ పుస్తకాన్ని ఎవరూ అడగలేదని ఒక్క ముక్కలో రాసి, పరాయి పుస్తకానికి రెండు పేజీలు రాశావు. నీకు ఏది ముఖ్యమో తేల్చుకో.

పంకజం


రాజపాళయం
సెప్టెంబరు 14, 2025

అత్తా,

నీకు కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు ఇది విను.

రాజశ్రీ లేదు. మద్రాసులో లేదు, ఎక్కడా లేదు. రాజ అంటే పెద్ద ఇళ్ళవాళ్ళకు సంతోషం, శ్రీ అంటే అందరికీ మంచిది అని అణ్ణాచి పెట్టిన పేరు. 'కోటగడప' లేదు. నేను రాసిన ఆ నాలుగు మాటలే ఉన్నాయి. మావటివాడు ఏమి చేస్తాడో నాకు తెలియదు అత్తా, వాణ్ణి కల్పించింది నేనే.

అణ్ణాచి నిన్న నన్ను కూర్చోబెట్టి, "ఆర్డరు వచ్చినాది. ఇంక రాయి" అన్నాడు.

"నేనా?"

"తెలుగు రాసేది ఈ ఊళ్ళో ఎవరు ఉండారు? ఐప్పసి నెల లోపల శివకాశికి పోవాల. దాని తర్వాత మిషను క్యాలెండర్లకు పోతాది, నవలకు రాదు."

"నా దూది పొగ?"

"అడిగినవాళ్ళు లేరు గదా పాపా. ఈ సీజనుకు విడిచిపెడదాము."

'కోటగడప' ఎవరి కోట కథో తెలిసిపోయిన పెద్దలంతా ఇప్పుడు గోడౌను మెట్లెక్కుతున్నారు. "ఏనుగు మాది, వాళ్ళది ఎద్దు" అని ఒకాయన. "ఎద్దు కూడా మా దగ్గర కొనుక్కున్నదే" అని ఇంకొకాయన. అందరివీ రాసుకోమని అణ్ణాచి నాకు సైగ చేస్తాడు.

విజయరాఘవ రాజా గారు ఇంటికే పిలిపించారు. వరండాలో తెల్ల కుక్క, మన ఊరి జాతిది, నన్ను చూసి లేవను కూడా లేవలేదు. ఆ కుక్క తాతను నవలలో పెట్టమన్నారు. తర్వాత, "మా షెడ్డు కూడా వస్తాది గదా? ఆడోళ్ళు పాట పాడుకుంటా సంతోషంగా పని చేస్తుండారని రాయి" అన్నారు.

"మా అమ్మ అక్కడే పని చేస్తాది రాజా" అన్నాను.

"ఎవరు?"

"గోమతి."

"ఏ గోమతి?"

నేను పుట్టకముందు నుంచి అమ్మ అక్కడ గుడ్డ చుడుతోంది. అమ్మ దగ్గుతుందని మేస్త్రీ ద్వారా మొన్న వేసవిలో ఒక బుట్ట మామిడికాయలు పంపింది ఈయనే.

కొంత రాశాను. ఏనుగు వస్తుంది, నిలబడుతుంది, అంతే. దాన్ని ఎటు కదిలించినా ఒక వంశానికి కోపం వస్తుంది. నేను రాయలేను. రాయకపోతే ఉద్యోగం ఉండదు. రాస్తే నా పుస్తకం ఎప్పటికీ రాదు. ఏమి చెయ్యమంటావు?

అభినయ


తిరుపతి
సెప్టెంబరు 25, 2025

అభినయా,

నన్ను ఒక నెలన్నర పాటు లేని ఏనుగు వెనక తిప్పావు. అద్దె పుస్తకాలాయనకు ఏనుగు చచ్చిపోయిందని చెప్పాను. బాధపడి ఇడ్లీ తినకుండానే వెళ్ళాడు.

ఏమి చెయ్యాలని నన్ను అడుగుతున్నావు. బస్సెక్కడం తప్ప ఏమీ తెలియనిదాన్ని. ఏమి రాస్తే ఏమిటి? మీ ఊళ్ళో అట్ట తెరిచేదెవరు? 'కోటగడప' అట్ట లోపల నా మెస్సు సరుకుల చీటీ వేసినా, నీ 'దూది పొగ' వేసినా, ఏనుగు గొప్పగా ఉందనే అంటారు. నీకు తోచింది చెయ్యి.

స్టవ్వు బాగయింది.

పంకజం


రాజపాళయం
నవంబరు 9, 2025

ప్రియమైన అత్తా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

నీ ఉత్తరం చదివి అంతసేపూ నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. మెస్సు చీటీ మాట తమాషాకు అన్నావని తెలుసు, కానీ రెండో మాటలో ఎంత తెలివి ఉంది. 'కోటగడప' అట్ట, లోపల 'దూది పొగ', మొదటి మాట నుంచి చివరి మాట దాకా. నేనొక్క అక్షరం మార్చలేదు. చివర రాహుకాలం పేజీ మాత్రం వేశాము.

భయపడుతూనే అణ్ణాచికి ప్రూఫు ఇచ్చాను. ఆయన క్యాలెండరును చూసినట్టే చూశాడు. కాగితం వెలుతురుకు ఎత్తి పట్టాడు. సిరా వాసన చూశాడు. మొదటి పేజీ పైన పిళ్ళయార్ చుళి, అదే వినాయకుడి గుర్తు, ఉందా అని వెతికాడు, ఉంది. అట్ట కింద కంపెనీ పేరు తమిళంలో ఉంటుంది కాబట్టి కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. "ప్రమాదంగా వచ్చినాది" అన్నాడు, అంటే ఇక్కడ అద్భుతంగా అని. ఏనుగు ఎక్కడుందని అడగలేదు.

మోసం చేశానని ఒకరోజంతా అన్నం సయించలేదు. తర్వాత కట్టలు విప్పి ఒకటి తీసి అమ్మ ఒళ్ళో పెట్టాను. అమ్మ అక్షరాల మీద చెయ్యి వేసి, "ఇంత నున్నగా ఉండాదే" అంది. పేరు రాజశ్రీదే. అయినా అమ్మ చేతిలో ఉన్నది నేను రాసింది.

పెళ్ళి ఈ నెలాఖరుకు. నిన్న తెలిసిన మంచి వార్త ఏమిటంటే, పెళ్ళికొడుకు వాళ్ళది భీమవరం. అందరూ తెలుగు చదువుకున్నవాళ్ళు. నా పుస్తకానికి పాఠకులు దొరికారు అత్తా, అంతా నీ చలవే.

నీ అభినయ


తిరుపతి
నవంబరు 18, 2025

అభీ,

నేనెప్పుడు చెప్పాను? వెటకారానికి అన్న మాటను పట్టుకుని అచ్చు వేయించావా? ఇంత చదివావు, అత్త వెక్కిరిస్తే తెలుసుకోలేవా?

భీమవరం వాళ్ళు చదువుతారని సంతోషపడుతున్నావు. చదివి ఎవరిని అడుగుతారు? వియ్యంకుణ్ణి అడుగుతారు. ఆయన ఎవరి మీద పడతాడు? మీ అమ్మ అక్కడే కూర్చుని ఉంది, మేకులు కొట్టిన కిటికీ కిందే. ఈ ఉత్తరం అందగానే అణ్ణాచి దగ్గరకు పో, కాళ్ళు పట్టుకో, ఆ కట్టలు వెనక్కి తెప్పించు. పెళ్ళికి టెంకాయ ఒక్కటే చాలు.

పంకజం


రాజపాళయం
డిసెంబరు 3, 2025

అత్తా,

నీ ఉత్తరం పెళ్ళి మరునాడు అందింది. ముందే అందినా నేను వెళ్ళేదాన్ని కాదేమో.

మంటపంలో పుస్తకం ప్రతి సంచిలోనూ ఉంది. ఉక్కగా ఉంటే అందరూ దానితోనే విసురుకున్నారు. ఒక చావడి పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏనుగు వచ్చే చోట కంట్లో నీళ్ళు వచ్చినాయి పాపా" అన్నారు. లేని ఏనుగుకు ఆయన నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎద్దు పెద్దాయన వచ్చి, తమ ఎద్దుకు న్యాయం జరగలేదని అన్నారు. అది మాత్రం నిజం.

మరునాడు పొద్దున పెళ్ళికొడుకు నాయనమ్మగారు ఫలహారాల దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తి, రాజా గారిని అడిగారు.

"ఈ షెడ్డు మీదేనాండీ?"

"మాదే. అంతా మాదే. ఉన్నది ఉన్నట్టు రాసినారు."

"నాకు చూడాలనుందండీ."

ఆయన అప్పటికప్పుడు కారు తెప్పించారు. అణ్ణాచి ముందు సీట్లో, నేను వెనక.

షెడ్డులో అమ్మావాళ్ళు పనిలో ఉన్నారు. నాయనమ్మగారు నేరుగా కిటికీ దగ్గరకు వెళ్ళి మేకులు తడిమి చూశారు. తర్వాత పుస్తకం నాకు ఇచ్చి, "ఈ పేజీ నువ్వు చదువమ్మా, ఇక్కడ నా కళ్ళు మండుతున్నాయి" అన్నారు.

చదివాను. మేకులు కొట్టిన రోజు. గుడ్డ ఎగిరితే నష్టం అన్న మాట. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు కట్టుకోవడం. చుట్టే మిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి. ఆ పుస్తకంలో ఏముందో రాజా గారు అప్పుడే మొదటిసారి విన్నారు.

ఆఖరికి నవ్వి, "కథకు కొంచెం కారం వేసి రాస్తారు లెండి" అన్నారు.

"కారం కాదండీ, దుమ్ము" అన్నారు నాయనమ్మగారు. "ఎవరీ రాజశ్రీ?"

"పెద్ద రచయిత్రి. మద్రాసులో ఉండారు" అన్నాడు అణ్ణాచి.

అప్పుడు అమ్మ లేచి నిలబడింది. "మద్రాసు లేదు, ఏమీ లేదు. అవి నేను ఇంట్లో చెప్పిన మాటలే. రాసింది మా పాప."

అమ్మ మళ్ళీ కూర్చుని పని మొదలుపెట్టింది.

అమ్మను పనిలోంచి తీయలేదు అత్తా. నాయనమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకుంటే ఫొటో తీయించి పేపరుకు పంపింది రాజా గారే. అణ్ణాచి నన్ను తిడతాడనుకున్నాను. "ఆర్డరు వాపసు వచ్చినాదా? రాలేదు. అప్పుడు ఏమి" అన్నాడు. ఆయన చూపు ఎప్పుడూ ఆర్డరు మీదే.

చిక్కు ఇప్పుడు వచ్చింది. నాయనమ్మగారు తమ ఊరి మహిళా మండలికి ఇంకా కాపీలు కావాలన్నారు. కొత్త వియ్యాలవారు, కాదనలేరు. రాజా గారు నన్ను పిలిచి, "రెండో ముద్రణలో నీ పేరే వేయిస్తాను. కిటికీ తెరిచినట్టు మాత్రం రాయి" అన్నారు.

"కిటికీ తెరవండి రాజా, రాస్తాను" అన్నాను.

"గుడ్డ ఎగిరిపోతాది."

"అయితే నేను రాయలేను."

"ఒక వాక్యం గదా పాపా" అని అణ్ణాచి దారి పొడుగునా బతిమాలాడు. నా పేరు అచ్చులో చూసుకోవాలని ఎంత ఉందో నీకు తెలుసు. ఒప్పుకోవాలా?

పుస్తకం నీకు పంపుతున్నాను.

అభినయ


తిరుపతి
డిసెంబరు 12, 2025

అభీ,

ఒప్పుకోవాలో వద్దో ఈసారి చెప్పను. చెబితే నువ్వు చేసి పెడతావు.

పుస్తకం చదివాను. ఊరు దాటిన ఆడమనిషికి ఒకే ఒక్క పేరా ఇచ్చావు. తెల్లవారుజాము బస్సులో చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చుందని రాశావు. చెప్పుల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మే చెప్పి ఉంటుంది. ఆ పొద్దున నాకు బస్టాండు దాకా తోడు వచ్చింది తనే, మీ నాన్నకు ఇప్పటికీ తెలియదు. నా గురించి కాదని మరి ఎందుకు రాశావే? ఒక్క పేరా చాలు. సరిగ్గా ఉంది.

అద్దె పుస్తకాలాయన తీసుకుపోయాడు. ఏనుగు లేదని ముందే చెప్పి ఇచ్చాను. తిరిగి ఇచ్చేటప్పుడు, "అమ్మా, ఆ గోమతి అనే ఆమెకు దగ్గు తగ్గిందా" అని అడిగాడు. పుస్తకంలో ఆమెకు వేరే పేరు పెట్టావు కదా, నేనే నోరు జారాను. తగ్గలేదని చెప్పాను.

పంకజం


రాజపాళయం
జనవరి 8, 2026

అత్తా,

నేను ఒప్పుకోలేదు. రాజా గారు వేరే మనిషి చేత ఆ వాక్యం మార్పించాలని చూశారట. తెలుగు రాసేవాళ్ళ కోసం అణ్ణాచి సేత్తూరు, చోళపురం, మంసాపురం దాకా తిరిగి వచ్చాడు. మన భాషను కాపాడాలని ప్రతి చోటా ఆయనకు కాఫీ ఇచ్చారు. అంతకంటే ఏమీ దొరకలేదు. భీమవరం నుంచి ఫోన్లు మాత్రం ఆగలేదు.

పోయిన సోమవారం షెడ్డుకు వడ్రంగి వచ్చాడు. కిటికీకి రెండు రెక్కలు. ఒకదాని మేకులు పీకి తెరిచాడు. రెండోదాని ముందు గుడ్డ మూటలు పేర్చి ఉన్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. అమ్మ చోటు ఆ మూసిన రెక్క వైపే ఉంది. ఆడవాళ్ళు వంతులు వేసుకుని గాలి వచ్చే వైపు కూర్చుంటున్నారు. అమ్మ వంతు బుధవారం.

రెండో ముద్రణకు నేను ఒక వాక్యం కలిపాను. "చాలా ఏళ్ళకు ఒక రెక్క తెరిచారు" అని. పైన 'దూది పొగ', కింద నా పేరు. ఏనుగు అట్ట మాత్రం మారలేదు, అచ్చు బ్లాకు ఉన్నది వృథా ఎందుకన్నాడు అణ్ణాచి.

అణ్ణాచి ఆ వాక్యం చదివించుకుని విన్నాడు. "రెండు రెక్కలూ అని రాస్తే ఏమి పాపా? నేరుగా పోయి చూసేది ఎవరు?"

"రెండోదానికి మేకులు ఉన్నాయి అణ్ణాచి. అవి పీకించండి, మూడో ముద్రణలో రాస్తాను" అన్నాను.

నీ అభినయ